గాజుపలకలమీది రైలుదారి
(మైలాపూరులో జరిగిన మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను అద్దములును, పటములకు చట్రములును అమ్ముకొను వర్తకుడను, పండితుడను కాను. ఫోటోల చరిత్రను గూర్చి మాటలాడుటకు నాకు గల అర్హత యొక్కటే. ఆ చరిత్రలో కొంత భాగమును నా చేతులతోనే కడిగివేసితిని. అదెట్లో పిమ్మట మనవి చేసెదను.

1856వ సంవత్సరము జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజారోడ్డుకు దక్షిణదేశపు తొలి రైలు నడచినది. ఆ యేడే మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ వెలసినది. రాజధాని ప్రభుత్వపు ఫోటోగ్రాఫరైన లిన్నియస్ ట్రైప్ దొర, నాడిచ్చటి మ్యూజియములో నున్న మన అమరావతి శిల్పములను 1858 ప్రాంతమున ఫోటోలు తీసెను. నాటి ఫోటో యనగా నేటివలె వ్రేలితో నొక్కుట కాదు. గాజుపలకపై కొలోడియను పూసి, వెండిలవణపు నీటిలో ముంచి, ఆ తడి యారకముందే ఫోటో తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. మన యెండలలో తడి యెంతసేపు నిలుచును? అడవులలోను, కనుమలలోను రైలుదారి పడుచున్న చోటికి గాజు, మందుసీసాలు, నీళ్లు, గుడారము మోసికొనిపోయిన కూలీలను తలచుకొనుడు. 1880 ప్రాంతమున పొడిపలకలు అంగడికి వచ్చిన పిమ్మట గాని ఈ యిక్కట్టు తీరలేదు.

బొంబాయి దాపున భోర్ ఘాటు కొండదారికి కంట్రాక్టు పట్టిన సాలమన్ ట్రెడ్వెల్ 1859లో, వచ్చిన కొలది దినములకే మరణించెను. అతని భార్య ఆలిస్ దొరసాని వెనుదిరుగక కంట్రాక్టును తానే చేపట్టి 1863 నాటికి పని పూర్తి చేయించినది. ఆ సొరంగముల ఫోటోలు కొన్ని ఆమె తీసినవే యందురు. పని ముమ్మరముగా సాగిన దినములలో అచ్చట నలుబదివేలమంది కూలీలుండిరి. కలరా సోకి రాలిపోయినవారు పెక్కుమంది.

ఈ ఫోటోలెందుకు? వర్తకునికి ఈ సంగతి సులభముగా బోధపడును. పెట్టుబడి పెట్టిన వాటాదారులు లండనులో నుండిరి. వారికి నూటికి 5 వంతున వడ్డీ మన ప్రభుత్వపు హామీ. సొమ్ము కొండలలో ఏమగుచున్నదో వారు చూడవలదా? సరుకు ముట్టినట్లు రశీదు వంటిది ఆ ఫోటో. అదే బొమ్మను 3¼ అంగుళముల చదరపు గాజుపై తీసి, మరొక గాజు మూసి, అంచులకు నల్లకాగితము అంటించినచో లాంతరు స్లైడు. మేజిక్ లాంతరులో నుంచి తెరమీద వేసిన, కొండయు వంతెనయు సభవారి యెదుట నిలుచును.

ఇక మన గోదావరి వంతెన. 1897లో మొదలై 1900లో ముగిసినది. 150 అడుగుల అంకణములు 56. కట్టించినది, అంతకుముందు కాశీలో గంగపై పనిచేసిన వాల్టన్ దొర. పేరు పెట్టినది గవర్నరు హేవలాక్ దొరది. అది లేని దినములలో కలకత్తాకు పోవువారు కొవ్వూరున రైలు దిగి పడవపై రాజమండ్రి చేరవలసినదే. దానిమీద రైళ్లు 1997లో ఆగినవి. స్తంభములు నేటికిని కలవు. ఇంజనీరు పేరు మనకు తెలియును, గవర్నరు పేరు తెలియును. ఇట్టి పనుల ఫోటోలలో స్తంభము ఎత్తెంతో తెలియుటకు ప్రక్కన నిలిపిన మనిషి పేరు మాత్రము ఎవరును వ్రాయలేదు. మట్టిపనికి, రాతిపనికి పేరుపడిన మన వడ్డెరలు దేశమంతట రైలుదారులు వేసిరి గదా, వారు ఆ ఫోటోలలో కొలకఱ్ఱలే యైరి.

ఇప్పుడు నా సంగతి. నాకు ఇరువది రెండేండ్లప్పుడు మాడవీధిలోని మన తెలుగువారొకరు ఇల్లు ఖాళీచేయుచు చెక్కపెట్టె నొకటి అంగడికి తెచ్చిరి. అందు నిండుగా గాజుపలకలు. “మా తాతగారు గోదావరి వంతెన కూలీలకు బియ్యము వేసెడివారు, అప్పటివి” అని చెప్పిరి. నేను లెక్కపెట్టి డబ్బిచ్చితిని. చాకలిసోడా కలిపిన వేడినీటిలో నానబెట్టిన రాత్రికి రాత్రి బొమ్మ లూడిపోయినవి. ఆ గాజు మంచి గాజు. చిన్న దేవుని పటములకు సరిపోయినది. మీలో కొందరి పూజగదులలో నేటికిని ఉండియుండును.

ఒక్క పలక బీటవారి యుండుటచే చట్రమునకు పనికిరాక అటకపై మిగిలినది. మొన్న దీపము కెదురుగా పట్టి చూచితిని. ఇసుకలో సగము లేచిన స్తంభము, టోపీ దొర యొకడు, తట్టలెత్తుకొన్న స్త్రీలు పదుగురు. ఒకామె చంకలో బిడ్డ యున్నది. తెచ్చినవారి నడిగి వివరములు వ్రాసికొనవలెనన్న బుద్ధి నాకు ఆనాడు పుట్టలేదు. వారిప్పుడు లేరు.

బందరునుండి వచ్చి మౌంటురోడ్డులో ఫోటోస్టూడియో నడపి, పిమ్మట సినిమాలకు మళ్లిన రఘుపతి వెంకయ్యనాయుడుగారి కాలమునుండియు మన యిండ్లలో ఫోటోలు కలవు. కనుక అటకలు దులుపునపుడు గాజుపలకలు కనబడినచో కడుగవలదు, తుడువవలదు. అంచులు పట్టుకొని తీసి, ఒక్కొక్కదానిని కాగితపు కవరులో నుంచి, పేర్చక నిలువుగా పెట్టుడు. ఇంటి పెద్దలను అడిగి, అందున్నవారి పేర్లు ముందుగా కవరుపై పెన్సిలుతో వ్రాయుడు. ఆదివారము సాయంత్రములు నేను సంఘమందిరముననే యుందును. తెచ్చిన పలకలకు నకళ్లు తీయించి, అసలు మీ చేతికే ఇచ్చెదను, ఖర్చు నాది.

బీటవారిన ఆ పలకను ద్వారముచెంత బల్లపై, దీపము ముందు నిలిపియున్నాను. గోదావరి తీరమునుండి వచ్చిన కుటుంబములవారు, ముఖ్యముగా ముసలమ్మలు, పోవునపుడు ఒక్కమారు చూడవలెనని నా ప్రార్థన.