దెబ్బ తగిలిందని తెలియని కణం



అధ్యక్షోపన్యాసంలో డీఎన్ఏ మరమ్మతు రంగమంతటినీ ఒక చుట్టు చుట్టి చూపడం అధ్యక్షుడికి ఆనవాయితీ. డీఎన్ఏ దెబ్బతింటే కదిలే ప్రోటీన్లు ఏటీఎం, ఏటీఆర్, పీ53ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. డీఎన్ఏ మరమ్మతుకు దక్కిన 2015 కెమిస్ట్రీ నోబెల్‌తో లిండాల్, మోడ్రిచ్, శాంజార్‌ల పేర్లు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. నా తగాదా వేరే. అందరూ మరమ్మతు గురించే మాట్లాడతారు. డీఎన్ఏకి దెబ్బ తగిలిందని కణానికి అసలు ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లు తక్కువ.

మందుకు లొంగని కేన్సర్ కణమంటే బాగా మరమ్మతు చేసుకునే కణమేనని మనవాళ్లు చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. అది సగం నిజం. టెమొజొలొమైడ్ అనే కేన్సర్ మందునే తీసుకోండి. గ్వానిన్ ఆరో స్థానంలోని ఆక్సిజన్‌కు అది ఒక మిథైల్ తగిలిస్తుంది. ఎంజీఎంటీ అనే మరమ్మతు ప్రోటీన్ ఉంటే దాన్ని ఊడబీకేస్తుంది, కథ అక్కడితో సరి. లేకపోతే డీఎన్ఏ నకలు తయారయ్యేటప్పుడు ఆ గ్వానిన్ ఎదుట సైటోసిన్‌కు బదులు థైమిన్ వచ్చి కూర్చుంటుంది. మిస్‌మ్యాచ్ రిపేర్ ఆ తప్పు జతను పసిగడుతుంది గానీ, కోసి తీసేది కొత్త పోగులోని థైమిన్‌నే. దెబ్బతిన్న గ్వానిన్ పాత పోగులో అలాగే ఉంటుంది. మళ్లీ థైమినే వస్తుంది, మళ్లీ కోత. ఈ వృథా ప్రయాస చివరికి రెండు పోగులూ తెగేదాకా పోయి, కణం చస్తుంది. ఎంఎస్‌హెచ్6 అనే మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్‌ను పోగొట్టుకున్న కణానికి ఈ గొడవే లేదు. ఉత్పరివర్తనాలు పోగేసుకుంటూ, మిథైల్ మచ్చలతోనే విభజన సాగిస్తుంది. టెమొజొలొమైడ్ వాడాక తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమా మెదడు కణితులు కొన్నింటిలో బయటపడింది ఇదే. అక్కడ మరమ్మతు పెరగలేదు, ఒక మరమ్మతు వ్యవస్థే పోయింది!

ఇక ఈఆర్‌సీసీ1. సిస్‌ప్లాటిన్ మందు పక్కపక్క గ్వానిన్లను ముడివేస్తే, ఎక్స్‌పీఎఫ్‌తో జతకట్టి ఆ ముక్కను కత్తిరించే ప్రోటీన్ ఇది. ఊపిరితిత్తుల కణితుల్లో ఇది కనిపించనివాళ్లకే సిస్‌ప్లాటిన్ మేలు చేస్తుందని 2006లో ఒక పత్రం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు మన సభల నిండా ఈ ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టి చూపే గోధుమరంగు స్లయిడ్లే. ఈ యాంటీబాడీ పట్టుకుంటున్నది దేన్నయ్యా అని నేను లేచి అడిగితే ఛాదస్తమన్నవాళ్లు ఇవాళ ముందు వరుసలోనే ఉన్నారు, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. 2013లో ఆ 2006 పత్రంవాళ్లే తేల్చారు: ఆ ప్రోటీన్‌కు నాలుగు రూపాలు, పూర్తిగా పనిచేసేది ఒకటే, పరీక్షించిన 16 యాంటీబాడీల్లో వాటిని వేరుచేయగలిగింది ఒక్కటీ లేదు. తమ పత్రాన్ని తామే తిరగదోడిన ఆ నిజాయితీకి దండం పెడతాను. మన దగ్గర స్లయిడ్లు చూపినవాళ్లు మాత్రం చడీచప్పుడు లేకుండా మరో ప్రోటీన్‌కు మారిపోయారు.

మందుకు అణిగిన రోగం తిరగబెట్టడం కొత్తేమీ కాదు. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియాను అణచినప్పుడే ఆ ఉపశమనం నిలవదని తెలిసింది. ఆ మందు వెనక ఉన్నది మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. ఆయన పటానికి దండలు వేయడంలో మనకు లోటు లేదు. రోగం ఎందుకు తిరగబెట్టిందో వెతికే పనికే డబ్బుండదు. నా దరఖాస్తు ఒకదానిలో రోగం తిరగబెట్టాక తీసే రెండో బయాప్సీ ఖర్చు మొత్తం కొట్టేసి, సీక్వెన్సర్‌కు మాత్రం అడిగినదానికన్నా ఎక్కువిచ్చారు. ఆ యంత్రంలో ఏం పెట్టమంటారు? బీఆర్‌సీఏ2లో జన్యువులోని పాత లోపాన్ని రెండో ఉత్పరివర్తనం సరిదిద్దేసి, కణితి ప్లాటినం మందులకు లొంగకుండా పోతుందని 2008లో చూపించారు. చికిత్స ఒత్తిడిలో పైకొచ్చిన ఆ మార్పును మొదటి ఆపరేషన్ నాటి కణితి ముక్కను దాచిన పారఫిన్ బ్లాకులో వెతికితే ఎలా దొరుకుతుంది? జన్యువుల జాబితాలు అచ్చేసే మిత్రులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఉన్న బ్లాకుల గతి కూడా అంతే. బఫర్ లేని ఫార్మలిన్‌లో రోజుల తరబడి నానితే సైటోసిన్లు చెడి, లేని ఉత్పరివర్తనాలు ఉన్నట్టు కనిపిస్తాయి. డీఎన్ఏకి తగిలిన దెబ్బలను చదవాల్సిన మనమే దెబ్బలు కొడుతున్నాం. కణితి ముక్క ఫార్మలిన్ సీసాలో పడిన గంట రాసిపెట్టే టెక్నీషియన్ పేరు ఏ పత్రంలోనైనా చూశారా?

సాయంత్రం సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాను. రోగి ఒప్పుకుని, ప్రమాదం లేదనుకున్న చోటల్లా తిరగబెట్టిన కణితి నుంచి ముక్క తీసి దాచాలి. ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేసిన వేళ, తీసిన వేళ బ్లాకుతోపాటే నమోదు కావాలి. వ్యతిరేకించేవాళ్లు కారణాలు కాగితం మీద రాసి తీసుకురండి. నోటిమాటగా చెబితే మినిట్స్‌లో రాయించను.