షెడ్డు రైతుది, మంద కంపెనీది

పందుల పెంపకం మీద ప్రసంగం అనగానే కొందరు శ్రోతలు రేడియో మీటను మరొక స్టేషను వైపు తిప్పుతారేమోనన్న సందేహం నాకు లేకపోలేదు. ఈ జంతువును గురించి నాలుగు మాటలు గౌరవంగా మాట్లాడడం మనకు అలవాటు లేదు. తరతరాలుగా పందులను పెంచుతూ వచ్చిన ఎరుకలవారి కష్టాన్ని కూడ మనం అంత తేలికగానే చూస్తూ వచ్చాము. అయితే నేడు నేను చెప్పదలచినది పందిని గురించి కాదు, ఒక ఒప్పందాన్ని గురించి. ఆ ఒప్పందం అమెరికాలోని పందుల రైతుది. కాని దాని షరతులు వింటే మన ప్రాంతంలోని కోళ్ళ షెడ్ల యజమానులు కొంచెం ముందుకు జరిగి కూర్చుంటారని నా నమ్మకం.

ముందుగా మన సంగతి ఒకటి జ్ఞాపకం చేస్తాను. మేకనో, పెయ్యనో పాలుకు ఇవ్వడం అనే ఆచారం మన పల్లెలలో ఉన్నది. జీవం ఒకరిది, మేపు మరొకరిది. ఈనిన పిల్లలను ఇద్దరూ సగపాలుగా పంచుకుంటారు. చేతిలో పైస లేని కూలివాడు సైతం నాలుగైదేళ్ళు ఓపిక పట్టినట్లయితే సొంతానికి చిన్న మందను సంపాదించుకొనగలడు. ఈ మాటను మనసులో ఉంచుకొని, ఇక అమెరికాకు రండి.

ఆ దేశపు తూర్పు తీరాన ఉత్తర కరొలైనా అనే రాష్ట్రం ఉన్నది. అందులో డూప్లిన్ అనే జిల్లా; ఆ జిల్లాలో రోజ్ హిల్ అనే చిన్న ఊరు. అది పొగాకు పండే సీమ. గుంటూరు రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు, పొగాకు ధర ఎప్పుడు ఎటు తిరుగునో ఎవరికీ తెలియదు. ఆ ఊరిలో వెండెల్ మర్ఫీ అనే బడిపంతులు 1962లో ఒక దాణా మిల్లు పెట్టాడు. మిల్లు పక్కనే పందులను పెంచడం మొదలుపెట్టాడు. వ్యాపారం బాగుగానే సాగుతూండగా 1969లో పందులకు కలరా అనే అంటువ్యాధి తగిలి మంద అంతటినీ నిర్మూలించవలసి వచ్చినది. తెగులు తగిలిన నేలమీద వెంటనే మళ్ళీ మందను నిలపడానికి వీలులేదు. అప్పుడు మర్ఫీకి ఒక ఆలోచన తోచినది. ఇరుగుపొరుగు రైతుల వద్ద నేల ఉన్నది, చేతుల్లో సత్తువ ఉన్నది. పంది పిల్లలను, దాణాను తానిస్తే, వాటిని పెంచి పెట్టే పని వారిది. పెంచినందుకు తలకు ఒక డాలరు చొప్పున ఇచ్చాడు.

ఈ పద్ధతి ఆయన కనిపెట్టినది కాదు. కోళ్ళ విషయంలో ఆ సీమలో అది అప్పటికే పాతుకొనిపోయి ఉన్నది. పందులకు దానిని అమర్చడమే కొత్త. ఒక్క తరంలో అది దేశమంతటా అల్లుకొన్నది. 1992లో అమెరికా పందులలో నూటికి 5 మాత్రమే ఇట్టి పెంపకపు ఒప్పందాల కింద పెరిగాయి. 2004 నాటికి నూటికి 67. అదే కాలంలో పందులను పెంచే కమతాలు 2 లక్షల 40 వేల పైచిలుకు నుండి 70 వేల లోపుకు దిగిపోయాయి. మర్ఫీ సంస్థను 2000లో స్మిత్‌ఫీల్డ్ కంపెనీ కొన్నది. ఆ స్మిత్‌ఫీల్డును 2013లో చైనాకు చెందిన షువాంగ్‌హుయి సంస్థ కొన్నది. రోజ్ హిల్ రైతు మాత్రం అదే షెడ్డులో అదే పని చేస్తున్నాడు.

ఆ షెడ్డులోకి ఒకసారి తొంగి చూద్దాము. పొడవాటి రేకుల కప్పు, కింద సందులు సందులుగా పరచిన కాంక్రీటు నేల. పేడ, మూత్రం ఆ సందుల గుండా కింది గుంటలోకి జారిపోతాయి. ఒక్కొక్క షెడ్డులో వెయ్యికి పైగా పందులు. అవి అక్కడ పుట్టినవి కావు. పిల్లలను ఈనించే చోటు వేరు, పాలు మాన్పిన తరువాత కొద్ది వారాలు పెంచే చోటు వేరు. ఇరవై, ఇరవై అయిదు కిలోల బరువున్నప్పుడు అవి మన రైతు వద్దకు లారీలో వస్తాయి. నాలుగు నెలలలో సుమారు 125 కిలోలకు పెరిగి మరొక లారీలో వెళ్ళిపోతాయి. ఏడాదికి రెండు మూడు మందలు ఇట్లా వచ్చి పోతాయి.

రైతు తెల్లవారగానే బట్టలు మార్చుకొని, బూట్లు మార్చుకొని లోపల అడుగు పెట్టాలి. తెగుళ్ళ భయం అటువంటిది. పొరుగువాడి షెడ్డుకు పోయి అటునుండి అటే తన షెడ్డుకు రాకూడదు. ప్రతి గదీ నడిచి చూడాలి. నీటి గొట్టాలు ఆడుతున్నవా, దాణా దిగుతున్నదా, ఏ పందియైనా ఒదిగి ఒంటరిగా పడుకొన్నదా అని చూడాలి. చచ్చినదానిని బయటికి లాగి లెక్క వ్రాయాలి. అన్నిటికంటె భయం కరెంటుది. మూసిన షెడ్డులో పంఖాలు ఆగిపోతే, ఎండాకాలమైతే, మంద కొద్ది సేపటిలోనే ఉక్కిరిబిక్కిరై చనిపోగలదు. అందుకని ప్రమాదఘంట టెలిఫోనుకు తగిలించి ఉంటుంది. అర్ధరాత్రి అది మ్రోగినదంటే ఇంటిల్లిపాది లేవవలసినదే.

ఇక ఒప్పందం. పందులు కంపెనీవి. దాణా, మందులు, పశువైద్యుడు, లారీలు కంపెనీవి. వారం వారం వచ్చి చూసిపోయే ఉద్యోగి కంపెనీ మనిషి. నేల, షెడ్డు, కరెంటు బిల్లు, చాకిరీ రైతువి. చచ్చిన పందులను పారవేసే బాధ్యత రైతుది. పేడ రైతుది. షెడ్డు కట్టడానికి బ్యాంకులో తెచ్చిన అప్పు కూడ రైతుదే.

ఇందులో రైతుకు లాభం లేదనుకొంటే పొరపాటు. 1998 డిసెంబరులో అమెరికాలో పందుల ధర పౌనుకు పది సెంట్లకు కూడ దిగిపోయినది. పెంచడానికి అయిన ఖర్చు అందుకు ఎన్నో రెట్లు. సొంత పందులను పెంచుకొనే చిన్న రైతులు ఆ శీతకాలంలో వేల సంఖ్యలో ఆ వృత్తినే విడిచారు. ఒప్పందపు రైతుకు మాత్రం రావలసిన కూలి వచ్చినది. ధర పడినా, దాణా మండినా ఆ దెబ్బ కంపెనీది. ఊరిలోనే ఉండి, పిల్లలను చదివించుకొంటూ, నెల నెలా తెలిసిన రాబడితో బ్రతకడం చిన్న విషయం కాదు. పొగాకు వేలంలో ఏళ్ళ తరబడి చేతులు కాల్చుకొన్నవానికి దాని విలువ మనకంటె బాగా తెలుసును.

కాని ఏది నష్టపోడో ఏది సంపాదించుకోడో రెండూ చూడవలె. పాలుకు మేపిన మన కూలివానికి అయిదేళ్ళ తరువాత మేకలు మిగిలాయి. ఈ రైతుకు మిగిలేది షెడ్డు. ఆ షెడ్డు పందులకు తప్ప మరి దేనికీ పనికిరాదు. ఆ జిల్లాలో పందులను ఇచ్చే కంపెనీ ఒక్కటే అయితే దానికి మరొక గిరాకీ లేదు. అప్పు పది పదిహేను సంవత్సరాలది. ఒప్పందమో, కొందరికి అంత కాలానికీ వ్రాసి ఇస్తారు, కొందరికి అంతకంటె ఎంతో తక్కువ కాలానికి. కూలి లెక్క కూడ రెండు విధాలు. షెడ్డులోని చోటుకు ఏడాదికి ఇంత అని ఒక విధం. పెంచిన పందికి ఇంత అని మరొక విధం. తెగులు వచ్చి షెడ్డు రెండు నెలలు ఖాళీగా ఉంటే మొదటివానికి బియ్యం ఉంటాయి, రెండవవానికి బ్యాంకు నోటీసు ఉంటుంది. సంతకానికి ముందు ఈ ఒక్క తేడా చూసుకొనకపోయినా కష్టమే.

పేడ సంగతి వేరుగా చెప్పవలె. ఉత్తర కరొలైనాలో దానిని పెద్ద చెరువుల వంటి గుంటలలో నిలువ చేసి, ఆ నీటిని పొలాల మీద చిమ్ముతారు. అందులో పెరిగే ఒక జాతి సూక్ష్మజీవుల వలన ఆ గుంటలు గులాబి రంగులో కనిపిస్తాయి. దూరం నుండి చూడ ముచ్చటగానే ఉంటాయి. 1995 జూనులో ఆన్‌స్లో జిల్లాలో అట్టి గుంట కట్ట తెగి సుమారు రెండున్నర కోట్ల గ్యాలన్ల మురుగు న్యూ రివర్ నదిలో కలిసినది. 1997లో ప్రభుత్వం కొత్త గుంటలను ఆపివేసినది. 2007లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసినది. ఉన్న గుంటలు ఉన్నట్లే ఉన్నాయి. డూప్లిన్ జిల్లాలో జనం దాదాపు 50 వేలు. పందులు సుమారు 20 లక్షలు. ఇరుగుపొరుగువారు, వారిలో చాలమంది పేద నీగ్రో సంతతి కుటుంబాలవారు, వాకిట్లో బట్టలు ఆరవేసుకొనడానికి లేకున్నదని మొరపెట్టుకొన్నారు. 2018లో ఫెడరల్ కోర్టు జ్యూరీలు వారి పక్షాన తీర్పులిచ్చాయి. మొదటి తీర్పులో పదిమందికి 5 కోట్ల డాలర్లకు పైగా ఇమ్మన్నారు; రాష్ట్ర చట్టం పెట్టిన పరిమితి వలన అది 32 లక్షల 50 వేలకు తగ్గినది. దావా వేసినది కంపెనీ మీద. వాసన వచ్చినది మాత్రం రైతు షెడ్డు నుండి. తరతరాలుగా ఒకే దారిన నడిచిన ఇరుగుపొరుగులు కోర్టులో ఎదురెదురుగా కూర్చున్నారు.

అమెరికా శాసనసభ ఊరకే ఉండలేదు. 1921 నాటి పశువుల వ్యాపార చట్టం రక్షణను 2002లో ఈ రైతులకు వర్తింపజేసినది. 2008లో మరొక సదుపాయం చేర్చినది. సంతకం చేసిన తరువాత మూడు పని దినాలలోగా రైతు ఒప్పందాన్ని రద్దు చేసుకొనవచ్చును. మున్ముందు మళ్ళీ పెద్ద పెట్టుబడి పెట్టమని అడిగే అవకాశం ఉంటే ఆ మాట పత్రంలోనే చెప్పవలె. భార్యాభర్తలు రాత్రి దీపం ముందు కూర్చుని ఆ కాగితాన్ని మరొకసారి చదువుకొనడానికి మూడు దినాలు.

కొన్ని నెలల క్రిందట ఒక రికార్డింగు పని మీద కృష్ణా జిల్లాలో ఒక పల్లెకు వెళ్ళాను. అక్కడొక రైతు ఒక కంపెనీకి బ్రాయిలర్ కోళ్ళను పెంచి ఇస్తున్నాడు. అయిదువేల కోళ్ళ షెడ్డు. కిలోకు ఇంత అని పెంపకపు కూలి. ఈ అమెరికా కథ అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మాదీ ఇంతేనండి, పంది బదులు కోడి" అన్నాడు. ఒప్పంద పత్రాన్ని ఒకసారి చూపమని అడిగాను. లోపలికి వెళ్ళి చాలసేపు వెదికాడు. ఆయన భార్య కూడ బీరువా తెరచి చూసినది. చివరకు ఆయన చేతిలో ఒక పుస్తకంతో బయటికి వచ్చాడు. "పత్రం కంపెనీ ఆఫీసులో ఉండిపోయినట్టున్నదండి. మా దగ్గర ఉన్నది ఇదే" అని ఇచ్చాడు. అది బ్యాంకు అప్పు పుస్తకం.