కండువాలు వాళ్లవి, పగిలే తలకాయలు మనవి

(నల్లగొండ, పాలమూరు జిల్లాల దళిత కార్యకర్తల సభలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఒకరోజు కూలి పోగొట్టుకొని ఈ సభకు వచ్చిండ్రు. అందుకని మాటలతో పొద్దు పుచ్చం. ఈ రోజు మాట్లాడమన్న అంశం పార్టీల కొట్లాట, ప్రజాస్వామ్యానికి వచ్చిన ముప్పు. సభకు వచ్చే ముందు వాడలో ఒక ముసలవ్వ మమ్మల్ని అడిగింది: "వాళ్లు వాళ్లు కొట్లాడుకుంటే మనకేంది బిడ్డా?" అవ్వా, ఆంబోతులు పోట్లాడుకుంటే విరిగేది లేగదూడల కాళ్లే. మాకు తెలిసిన జవాబు అదే. ఇక మిగిలిన సంగతి చెప్తం.

ముందు దూరం ముచ్చట. ప్రజాస్వామ్యానికి తానే పెద్దన్నని చెప్పుకునే అమెరికాలో 2020 నవంబరులో అధ్యక్ష ఎన్నిక జరిగింది. బైడెన్‌కు 306 ఎలక్టోరల్ ఓట్లు, ట్రంప్‌కు 232 వచ్చినయ్. ఓడినాయన ఓటమి ఒప్పుకోలె. దొంగ ఓట్లు పడ్డయన్నడు. కోర్టులు ఆ మాటను నమ్మలె. జార్జియా రాష్ట్రంలో ఎన్నికలు చూసే పెద్దాయనకు ఫోను చేసి 11,780 ఓట్లు వెతికిపెట్టమన్నడు. 2021 జనవరి 6న ఆయన మద్దతుదారులు అక్కడి పార్లమెంటు భవనం మీద పడ్డరు. నాలుగేండ్లకు అదే మనిషి మళ్లీ గెలిచి, 2025 జనవరి 20న గద్దెనెక్కిన రోజే ఆ దాడి కేసుల్లో ఉన్న దాదాపు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టిండు.

పత్రికలు దీన్ని రెండు పార్టీల పంచాయితీగా రాసినయ్. మనం ఇంకో ప్రశ్న అడగాలె. ఎవరి ఓట్లను దొంగ ఓట్లన్నరు? అట్లాంటా, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, మిల్వాకీ. అన్నీ నల్లజాతి జనం పెద్ద సంఖ్యలో ఉండే పట్నాలే. ఆ దాడికి ముందు రోజే, అంటే జనవరి 5న, జార్జియా నుంచి రాఫెల్ వార్నాక్ సెనేటుకు గెలిచిండు. ఆ రాష్ట్రం నుంచి గెలిచిన మొట్టమొదటి నల్ల సెనేటర్ ఆయన. ఒకటి జరిగినందుకే రెండోది జరిగిందని మేము అనం. కానీ అక్కడి నల్లవాళ్ల ఓటుకు గట్టి కాపలా దొరికింది 1965 చట్టంతోనే. ఆ కాపలాలో ముఖ్యమైన భాగాన్ని 2013లో వాళ్ల సుప్రీంకోర్టే తీసేసింది. పేదోని ఓటు, అంటరానోని ఓటు, నల్లోని ఓటు లెక్కకు రావడం మొదలైనప్పుడే పెద్దలకు లెక్కల మీద అనుమానం పుడుతది. ఇది మనకు కొత్త కాదు.

అమెరికాలో పార్టీ కులం లెక్క తయారైంది. ఒక పార్టీ ఇంటోడు ఇంకో పార్టీ ఇంట్ల పిల్లనివ్వడానికి వెనకాడే దాకా పోయింది. మరి మన దగ్గరో? మన దగ్గర కులమే పార్టీ. కండువా ఎన్నిసార్లన్నా మారుతది, కులం మారదు, గడీ మారదు. అక్కడ ఓడినోడు ఓటమి ఒప్పుకోలె. ఇక్కడ గెలిచినోడు తెల్లారేసరికి ఓడించినోని ఇంటికే పోయి కండువా కప్పుకుంటడు. రెండింటిలో చిత్తుకాగితం అయ్యేది ఓటే.

మన మునుగోడు గడ్డ కథ వినుండ్రి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది పోటీ చేసిండ్రు. ఎందుకు? ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినయ్, కాళ్లు వంకర్లు పోయినయ్. చెప్పినా వినేటోడు లేడు. అప్పుడు నామినేషన్ కాగితాన్నే జనం అర్జీ చేసిండ్రు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా పడ్డది. 477 మందికి డిపాజిట్లు పోయినయ్. పోతే పోయినయ్, దేశమంతా నల్లగొండ వైపు చూసింది.

దానికి ఢిల్లీ ఇచ్చిన జవాబేంది? నీళ్లు కాదు. అదే ఏడు చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు, మనకైతే 250 నుంచి 5 వేలకు పెంచిండ్రు. 2009లో అది 25 వేలు, మనకు 12,500 అయింది. స్వతంత్రంగా నిలబడాలంటే పది మంది ప్రతిపాదించాలన్నరు. నోరు తెరిచినోని దాహం తీర్చలె, నోరు తెరిచే ధర పెంచిండ్రు.

ఇరవై ఆరేండ్లకు అదే గడ్డ మీద, 2022 నవంబరు 3న, మునుగోడు ఉప ఎన్నిక. కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి రాజీనామా చేసి బీజేపీ తరఫున నిలబడ్డడు. పోలింగ్ 93 శాతం దాటింది. టీఆర్ఎస్ 10,309 ఓట్లతో గెలిచింది. ఏడాది తిరగకముందే అదే నాయకుడు కాంగ్రెస్‌కు తిరిగొచ్చి, 2023లో అదే మునుగోడులో గెలిచిండు. ఉప ఎన్నికప్పుడు తమకు పైసలు అందలేదని ఓటర్లు రోడ్డెక్కితే నవ్వినోళ్లు చాలామంది ఉన్నరు. మేము నవ్వలె. పైసలు తీసుకోవడం ఒప్పని మేము చెప్తలేం. కానీ 1996లో సొంత పైసలు కట్టి పోటీ చేసిన జనాన్ని 2022 నాటికి చెయ్యి చాపే స్థితికి తెచ్చినోడెవడు? అడగాల్సిన ప్రశ్న అది.

ఆ ఎన్నికకు వారం ముందే, అక్టోబరు 26న, మొయినాబాద్ ఫాంహౌస్‌లో నలుగురు టీఆర్ఎస్ ఎమ్మెల్యేలను కోట్లిచ్చి కొనబోయిండ్రని కేసు అయింది. తమకు సంబంధం లేదని బీజేపీ అన్నది. నిజమేందో కోర్టులే తేల్చాలె. ఆ నలుగురిలో ఇద్దరు పాలమూరోళ్లు: కొల్లాపూర్ ఎమ్మెల్యే, అచ్చంపేట ఎమ్మెల్యే. కొల్లాపూర్ ఆయన 2018లో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి, 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమైన పన్నెండు మందిలో ఒకడు. అచ్చంపేట ఆయన 2025లో బీజేపీలోనే చేరిండు. ఇక 2023లో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్‌లోకి పోయిండ్రని పది మంది మీద ఫిర్యాదులు పోయినయ్. గద్వాల ఎమ్మెల్యే ఆ పది మందిలో ఉన్నడు. మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఫిరాయింపుల చట్టం 1985లోనే వచ్చింది. దానికి కాపలాదారు స్పీకర్. స్పీకర్ అధికార పార్టీ మనిషి. దొడ్డికి తాళమేసి తాళంచెవి ఎవని చేతికిచ్చినట్టు?

ఇక్కడ ఒక మాట చెప్పకతప్పదు. నకిరేకల్ ఎస్సీ సీటు. 2018లో అక్కడ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన మనోడు కూడా ఆ పన్నెండు మందిలో పోయిండు. ఊళ్లల్ల ఏమన్నరు? "మీవోళ్లకు నిలకడ లేదు" అన్నరు. ఆ పన్నెండు మందిలో ఎస్సీ సీటు నుంచి గెలిచింది ఆయనొక్కడే. మిగతా పదకొండు మంది పోయినప్పుడు వాళ్ల కులాలకు నిలకడ లేదని ఎవడన్నా అన్నడా?

మనోడు పోవడం తప్పే. కానీ దాని వేరు 1932 పూనా ఒడంబడికలో ఉన్నది. మనకు 148 సీట్లు ఇచ్చి, ప్రత్యేక నియోజకవర్గాలు లేకుండ చేసిండ్రు. నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్: ఈ నాలుగు సీట్లల్ల నిలబడేది మనోడే, కానీ ఎక్కువ ఓట్లు మనవి కావు. టికెట్ ఇచ్చేది మనోడు కాదు, పైసలు పెట్టేది మనోడు కాదు. అసుంటోడు వాడకు జవాబు చెప్తడా, టికెట్ ఇచ్చినోనికి జవాబు చెప్తడా?

బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఇదే హెచ్చరించిండు. ఓటులో సమానత్వం, బతుకులో అసమానత్వం ఎక్కువ కాలం కలిసి నడవవన్నడు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి తోవ తీస్తదన్నడు. ట్రంప్ భక్తులకు ఆ మాట తాకుతది. మన ఊళ్లల్ల అన్న పేరు గుండెల మీద పచ్చబొట్టు పొడిపించుకునే పిల్లలకు కూడా తాకుతది.

పార్టీలు కొట్లాడేటప్పుడు మన పని ఎక్కడ ఆగుతదో చూడుండ్రి. శ్రీశైలం నీళ్లను నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు తెచ్చే ఎస్సెల్బీసీ సొరంగం కాంగ్రెస్ హయాంలో మొదలై, టీఆర్ఎస్ పదేండ్లు దాటి, మళ్లీ కాంగ్రెస్ హయాంలో, 2025 ఫిబ్రవరి 22న అచ్చంపేట వైపు దోమలపెంట దగ్గర కూలింది. లోపల ఎనిమిది మంది చిక్కిండ్రు. జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, పంజాబ్ నుంచి, కశ్మీర్ నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినోళ్లు. బొంబాయికి, పుణెకు వలసపోయిన పాలమూరు బిడ్డల అసుంటోళ్లే. వాళ్లు మట్టి కింద ఉండంగనే, పైన తప్పు మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నయ్.

ఇక మన ఇంటి సంగతి. ఒకే వాడలో ఒక సందు ఒక జెండా, ఇంకో సందు ఇంకో జెండా. అన్నదమ్ములు మాట్లాడుకోరు. పీర్ల పండుగకు దప్పు కలిసి కొట్టరు. పోలింగ్ నాడు తలకాయలు పగిలేది మాలవాడలో, మాదిగవాడలో. పోలీసు కేసులు మన పిల్లల మీద. పెద్దలు సాయంత్రం ఒకే పెండ్లిలో పక్కపక్కన కూసొని భోంచేస్తరు. ఇంకోపక్క సర్పంచి పదవి మనకు రిజర్వయితే ఊరి పెద్దలు వేలంపాట పెట్టి ఏకగ్రీవం అంటరు. గుడి కడ్తమంటరు. కుర్చీ మనోనిది, సంతకం మనోనిది, చెక్కుబుక్కు మాత్రం పటేలు అల్మారాలో.

అందుకే మూడు మాటలు వాడవాడకు తీసుకపోదం.

మొదటిది: ఏ జెండా పట్టినా సరే, జెండా కోసం వాడోని మీద వాడోడు చెయ్యి ఎత్తొద్దు. ఎన్నికకు ముందే అంబేద్కర్ విగ్రహం దగ్గర అన్ని పార్టీల మనోళ్లు కూసొని ఒప్పుకోవాలె.

రెండోది: ఓటడగ వచ్చినోణ్ణి, ముఖ్యంగా రిజర్వు సీటు మనోణ్ణి, వాడ నడుమ నిలబెట్టి అడగాలె: "పార్టీ మారితే ముందు రాజీనామా చేస్తవా?" కాగితం మీద రాపించుకోవాలె. ఆ కాగితం కోర్టులో చెల్లకపోవచ్చు. వాడలో చెల్లుతది.

మూడోది: చట్టం తెలుసుకోవాలె. దళితుణ్ణి ఓటెయ్యనియ్యకపోతే, ఫలానోనికే వెయ్యాలని బలవంతం చేస్తే 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. 2015 సవరణతో నామినేషన్ వెయ్యకుండ అడ్డుకున్నా, వేసింది బెదిరించి వాపసు తీయించినా, మన సర్పంచిని పని చేయనియ్యకపోయినా నేరమే. బెదిరించి చేసే ఏకగ్రీవం ఊరి కట్టుబాటు కాదు, అట్రాసిటీ. రాసిచ్చే ధైర్యం ఉన్నోనికి పక్కన నిలబడేది మనమే.

అమెరికాను చూసి ప్రజాస్వామ్యం సచ్చిపోయిందని ఏడ్చే పెద్దమనుషులకు ఒక మాట. మా వాడల్లకు అది ఇంకా పూర్తిగా రానే లేదు. అందుకే దాని పోరాటం మాకు కొత్త కాదు. 480 మంది నామినేషన్లు వేసిన గడ్డ ఇది. వంకర్లు పోయిన కాళ్లతోనే వరుసలో నిలబడి వేసిండ్రు. సక్కని కాళ్లున్న మనం వాళ్లకన్నా వెనుక నడిస్తే సిగ్గుచేటు.

జై భీమ్!