వేలం పాటకు వెళ్ళే ముందు

అక్కల్లారా, 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా పాటలను ఆపడానికి వెళ్ళారు. మన పేరున ఇల్లు కొనుక్కోవడానికి మనం పాటకు వెళ్తామంటున్నాం. మంచిదే.

2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు వేసే వేలంలో పాట మనకు దక్కితే, ధరావతుతో కలిపి నాలుగోవంతు సొమ్ము మర్నాటి పనిదినానికల్లా కట్టాలి. మిగతాది పాట ఖరారయ్యాక 15 రోజుల్లో. బ్యాంకు గడువు పెంచి రాసివ్వకపోతే కట్టింది పోయినట్టే. లోను ముందే మాట్లాడుకోండి. ఈసీ తీయించండి.

ఇల్లు కళ్ళారా చూడండి. అమీర్‌పేటలో నేను చూడబోయిన ఫ్లాటు తలుపు ఓ ఇల్లాలు తీసింది. వేలం ప్రకటన గోడకు అంటించాకే భర్త తాకట్టు సంగతి తెలిసిందట. ప్రకటనకు ముందైతే బాకీ మొత్తం కట్టి విడిపించే వీలుండేది. 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చని చెప్పి, పంజగుట్టలో లాయరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ ఇంటికి నేను పాడలేదు.