కట్టె ఋణం

(నిడదవోలులో అన్నసంతర్పణ సందర్భంగా భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్యాహ్నం మీరందరూ స్వీకరించిన అన్నప్రసాదం గాడిపొయ్యి మీద వండినది. బియ్యం ఎవరు సమర్పించారో, పప్పు ఎవరిదో, నెయ్యి ఎవరి కైంకర్యమో ఫలకం మీద వ్రాసి ఉన్నది. ఆ అన్నాన్ని ఉడికించిన కట్టెలు ఎవరివో మాత్రం వ్రాసి లేదు. అవి అడితి నుండి వచ్చాయి. అడితికి ఎక్కడి నుండి వచ్చాయో మనం అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదే గనుక, నేటి నా నాలుగు మాటలూ ఆ కట్టెల గురించే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత మన సీమ ధాన్యాగారమైనది. నీరెక్కిన ప్రతి చెక్కా వరిచేనుగా మారినది. అన్నం మన చేనిదే. అన్నం వండే కట్టె మాత్రం పరాయిది. పూర్వం మన్యపు కొండల కలప తెప్పలుగా గోదావరి వెంట దిగివచ్చేది. నేడు మెరక పొలాల నుండీ, సముద్రతీరపు ఇసుక నేలల సరుగుడు తోటల నుండీ లారీల మీద వస్తున్నది.

నిత్యవంటకు గ్యాసు వచ్చినది. అది మేలే. పొగకు కళ్లు మండిన తల్లుల కష్టం చూచినవాడెవడూ తిరిగి కట్టెపొయ్యికి పొమ్మని చెప్పడు, నేనూ చెప్పను. కానీ హోమగుండానికీ, అమ్మవారి పొంగలికీ, పెద్ద సంతర్పణకూ, చివరకు చితికీ నేటికీ కట్టెనే ఆశ్రయిస్తున్నాము. ఆ మేరకైనా మన కట్టెను మనమే పెంచుకోవాలని నా మనవి.

ఈ మాట నేను పుస్తకం చూచి నేర్చినది కాదు. మా తండ్రిగారు శ్రావణమాసపు ముసురులో పరమపదించారు. ఒక మనిషి దహనానికి నాలుగైదు క్వింటాళ్ల కట్టె కావాలి. ఆనాడు అడితిలో ఉన్నదంతా తడిసిన కట్టె. గత్యంతరం లేక, మా చిన్నతనంలో ఆయన మాకోసం నాటిన పెరటి మామిడిని కొట్టించాము. పచ్చికట్టె అంటుకోలేదు. కిరసనాయిలు పోస్తూ, పొగలో నిలబడి, చీకటి పడేవరకు కాచుకున్నాము. ఆయన నాకోసం చెట్టు నాటారు. ఆయన కోసం నేను ఒక్క మొక్కయినా నాటలేదన్న సంగతి ఆ పొగలో నాకు తెలిసివచ్చినది. ఆ ఏటి వానలలోనే మా దొడ్డిలోనూ, చేనిగట్టు మీదా మొక్కలు పెట్టాను.

మన పెద్దలు ఇష్టాపూర్తములని రెంటినీ జంటగా చెప్పారు. ఇష్టమంటే యజ్ఞం, పూర్తమంటే బావులు, చెరువులు, తోటలు. అగ్నిలో వ్రేల్చేవాడు నేలలో నాటాలన్న భావం ఆ జంటపదంలోనే ఉన్నదని నాకు తోస్తుంది. సప్తసంతానాలలో దేవాలయం, తటాకం సరసన వనాన్ని కూడా చేర్చారు. నవగ్రహ హోమంలో సూర్యునికి జిల్లేడు, చంద్రునికి మోదుగ, కుజునికి చండ్ర, బుధునికి ఉత్తరేణి, గురునికి రావి, శుక్రునికి మేడి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ చెప్పారు. పొట్లం కట్టిన సమిధలు కొని తెచ్చుకునే మనలో ఎందరం మోదుగనూ, చండ్రనూ చెట్టుగా గుర్తుపట్టగలం?

వరి పొలంలో చెట్టుకు చోటెక్కడిదని రైతులు అడుగుతారు. చోటు గట్టు మీద ఉన్నది. నూరు మీటర్ల గట్టున రెండేసి మీటర్ల ఎడంతో యాభై మొక్కలు పడతాయి. అవి ఎదిగిన తరువాత ఏటా పదింటిని మాత్రమే కొడితే, ఐదేళ్లకు మళ్లీ మొదటి చెట్టు వంతు వస్తుంది. అందుకు, కొట్టిన మోడు నుండి తిరిగి చిగిర్చే జాతులు కావాలి. కానుగ, గ్లైరిసీడియా అటువంటివి. వీటి ఆకు వరికి పచ్చిరొట్ట ఎరువు. కొమ్మ పొయ్యికి కట్టె. సుబాబుల్ కూడా చిగురిస్తుంది గాని, కాయ ముదరనిస్తే విత్తనం రాలి పొలమంతా మొలుస్తుంది. నీరు నిలిచే చోట నల్లతుమ్మ తట్టుకుంటుంది. ఇసుక నేలకు సరుగుడు శ్రేష్ఠం. అయితే దాని మోడును నమ్ముకోరాదు, మళ్లీ నాటవలసినదే. నీడ వరి మీద పడకుండా, నాట్లకు ముందే కొమ్మలు నరకాలి. ఉమ్మడి గట్టయితే పొరుగు రైతును అడిగి నాటాలి. కాలువ గట్టు ప్రభుత్వానిది. అక్కడ అనుమతి లేనిదే నాటనూరాదు, కొట్టనూరాదు. సొంత చెట్టయినా, 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది గనుక, కొట్టే ముందు అటవీశాఖ వారిని అడగడం మంచిది.

కొట్టిన కట్టెను చీల్చి, నేల తగలకుండా దుంగల మీద పేర్చి, వాన పడని చావడిలో ఆరు నెలలైనా ఆరనివ్వాలి. పచ్చికట్టె బరువులో సగం వరకు నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరి కావడానికే మంట ఖర్చవుతుంది, మిగిలేది పొగ. ఎండుకట్టె తక్కువ పడుతుంది, వంటవారి కళ్లను కాపాడుతుంది.

దాతలకు చివరిగా ఒక విన్నపం. మీ తల్లిదండ్రుల పేరిట ఒకనాటి అన్నదానం జరిపిస్తున్నారు. ఆనాడే వారి పేరిట మీ గట్టున ఐదు మొక్కలు నాటండి. గట్టు లేనివారు పెరట్లో ఒక్కటి నాటండి. మూడు వేసవులు నీరు పోయండి. మన అన్నానికీ, మన హోమానికీ, మన చివరి ప్రయాణానికీ అయ్యే కట్టెను మన చేతులతో పెంచి ఇస్తే ఆ ఋణం కొంతైనా తీరుతుంది.

మా తండ్రిగారి సంవత్సరీకం నాడు నాటిన కానుగలను ఇప్పటికి రెండుసార్లు కొట్టాము. రెండుసార్లూ చిగిర్చాయి. వచ్చే ఉత్సవానికి ఈ గాడిపొయ్యిలోకి ఒక బండెడు ఎండుకట్టె మా గట్టు నుండి వస్తుంది. ఫలకం మీద పేరు అక్కరలేదు. మరొక బండి మీలో ఎవరి గట్టు నుండైనా వస్తే నాకంతే చాలు.

స్వస్తి.