సత్యం పేరిట



నేను రోజూ పూజ చేసుకునేవాణ్ణి. అయినా ఈ సభలో ఒక నాస్తికుణ్ణి తలుచుకుంటాను. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారు, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, సేవాగ్రామ్ వెళ్లి గాంధీజీతో దేవుడి గురించే చర్చించారు. ఎవరి నమ్మకం వారిదే అయింది. కానీ అంటరానితనం పోవాలన్న పనిలో ఇద్దరూ ఒకటయ్యారు. గోరా గారు తమ పెద్దమ్మాయిని దళిత యువకుడికి ఇస్తానంటే, ఆశ్రమంలోనే పెళ్లి చేద్దామన్నారు గాంధీజీ. దేవుడి పేరుకు బదులు సత్యం పేరిట జరిపించడానికి ఒప్పుకున్నారు. ఆయన పోయాక, 1948లో, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది.

గౌరవమంటే మన నమ్మకాన్ని వదులుకోవడం కాదు; ఎదుటివారి చేత వారు నమ్మని మాట పలికించకపోవడం.

మన బ్యాచుల్లో భక్తులూ ఉన్నారు, నాస్తికులూ ఉన్నారు. ప్రార్థన వేళ చేతులు జోడించని మిత్రుణ్ణి ఎందుకని నిలదీయొద్దు. జోడించినవారిని చూసి అతనూ నవ్వొద్దు. పేద పిల్లల ఫీజుల నిధికి మాత్రం అందరం కలిసి చేయి వేద్దాం.