లైబ్రేరియన్ పట్టిన దొంగ
(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో పంచాంగ శ్రవణం, కవితాపఠనం ఉండడం వాడుక. అటువంటి చోట నిలబడి అపరాధ పరిశోధక నవలల గురించి మాట్లాడడమేమిటని కొందరు పెద్దలకు తోచవచ్చు. డిటెక్టివు నవల అంటే పిల్లలు పాఠ్యపుస్తకం మధ్య దాచుకొని చదివేది అన్న పేరు మన ఇళ్ళలో ఏనాటి నుంచో ఉన్నది. అయినా చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ రకం నవలతో ఒక పని ఉన్నదని మా నమ్మకం. అందులోనూ, గ్రంథాలయంలో కూర్చునే లైబ్రేరియనే పరిశోధకుడైన నవలతో మరీను. ఆ పని ఏమిటో మనవి చేస్తాము.

ఇంగ్లీషులో ఈ తరహా కథలను 'కోజీ మిస్టరీ' అంటారు. చలికి కంబళి కప్పుకొన్నంత హాయిగా చదువుకొనేవని భావం. వీటిలో నేరం ఉంటుంది గాని నెత్తురు మన కళ్ళ ముందు పారదు. ఊరు చిన్నది. అందరూ ఒకరికొకరు తెలిసినవారే. నేరస్థుడూ ఆ తెలిసినవారిలో ఒకడే. పరిశోధించేది పోలీసు కాదు, ఫీజు పుచ్చుకొనే డిటెక్టివు కాదు, తన పని తాను చేసుకొనే మామూలు మనిషి. 1930లో అగాథా క్రిస్టీ మొదటిసారిగా పూర్తి నవలకు నాయికను చేసిన మిస్ మార్పుల్ ఇటువంటి ముసలావిడే. ఊలు అల్లుకొంటూ, తన పల్లెలో మనుషుల గుణాలు గమనించి, ఆ పోలికలతోనే హంతకులను పట్టేస్తుంది. 1942లో అదే రచయిత్రి ఒక పెద్దమనిషి ఇంటి పుస్తకాల గదిలో శవాన్ని పెట్టి మరొక నవల నడిపింది.

గదిలో పుస్తకాలుంటే సరా, పుస్తకాలను ఎరిగిన మనిషి ఉండాలి. 1990లో అమెరికా రచయిత్రి చార్లేన్ హారిస్ అరోరా టీగార్డెన్ అనే లైబ్రేరియన్‌ను నాయికగా చేసి నవల వ్రాసింది. జార్జియా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. పాత హత్యకేసులను ముచ్చటించుకొనే ఒక సంఘం. ఒక సమావేశం నాటి రాత్రి ఆ సంఘ సభ్యురాలే శవమై కనిపిస్తుంది, అదీ ఒక పాత కేసు పోలికలో. పాత కేసులన్నీ చదివి గుర్తుంచుకొన్న మనిషి గనుక లైబ్రేరియన్‌కు ఆ పోలిక తట్టుతుంది.

ఈ ఉద్యోగానికే ఈ పరిశోధన ఎందుకు అమరింది? రోజంతా రిజిష్టర్లతో గడిపే రైల్వే గుమాస్తాలము గనుక మేము కొంత చెప్పగలము. లైబ్రేరియన్ బల్ల మీద రిజిష్టరు ఉంటుంది: ఏ పుస్తకం, ఎవరు, ఏ తేదీన తీసుకొన్నారు, ఏ తేదీన తిరిగి ఇచ్చారు. పుస్తకం లోపల తేదీలు ముద్రవేసిన చీటీ ఉంటుంది. ఏ పుస్తకం ఏ అరలో ఎన్నవదిగా నిలబడాలో నిర్ణయం ఉంటుంది. కాబట్టి ఒక పుస్తకం చోటు మారితే ఎవరో కదిలించారన్న మాట. పేజీలో మడత, గీత, మరచిపోయిన బస్సు టిక్కెట్టు, పసుపు మరక అన్నీ సాక్ష్యాలే. పైగా అక్కడికి రైతు వస్తాడు, వకీలు వస్తాడు, ఉద్యోగం లేని కుర్రవాడు వస్తాడు. అందరినీ గమనిస్తూ, ఎవరితోనూ గట్టిగా మాట్లాడకుండా కూర్చోవడమే ఆయన కొలువు.

ఈ అమరికకు శాస్త్రం కట్టిన మహనీయుడు మనకు దూరమైనవాడు కాడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు. 1962లో బెంగుళూరులో ఈ శాస్త్రానికి ఒక పరిశోధన, శిక్షణ కేంద్రం నెలకొల్పి, 1972లో ఆ నగరంలోనే కన్నుమూశారు. ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలన్నది ఆ సూత్రాలలో రెంటి సారాంశం. ఈ రెండూ మా కథకు మళ్ళీ కావలసి వస్తాయి.

అయితే ఇందులో ఒక ధర్మసంకటం ఉన్నది. ఎవరు ఏమి చదువుతారో లైబ్రేరియన్‌కు తెలుసు. తెలిసినంత మాత్రాన చెప్పవచ్చునా? పాఠకుల సొంత విషయాలు గోప్యంగా ఉంచడం గ్రంథపాలకుని విధి అని అమెరికా గ్రంథాలయ సంఘం 1939లోనే తన నియమావళిలో వ్రాసుకొన్నది. అంటే రహస్యం విప్పగలిగినవాడే రహస్యం కాపాడవలసినవాడు కూడా. ఈ లాగులాటను వదలిపెట్టిన నవల ఉత్త కాలక్షేపం. పట్టుకొన్న నవల మనసులో నిలుస్తుంది.

ఇక మన తెలుగు సంగతి. కొమ్మూరి సాంబశివరావు గారు (1926-1994) సృష్టించిన డిటెక్టివు యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఒక తరం తెలుగువారికి ఇంటి మనుషులైపోయారు. అంతకు ముందే కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారి (1912-1975) చిన్న నవలలు రైలు ప్రయాణికుల చేతుల్లో ఊరూరా తిరిగాయి. ఈ పుస్తకాలను సాహిత్యమనడానికి పండితులు ఒప్పుకోకపోవచ్చు. కాని ఒక్క మాట కాదనలేరు: తడబడుతూ చదివేవారిని ఇవి వేగంగా చదివించాయి. తరువాత పేజీలో ఏమవుతుందోనన్న ఆత్రం కంటె మంచి పంతులు లేడు. అయితే యుగంధర్ వృత్తిచేత డిటెక్టివు. చిన్న ఊరి లైబ్రేరియన్ పరిశోధించే కథకు మన మూడు ఊళ్ళూ చక్కగా సరిపోతాయి. చిక్కబళ్ళాపురం, చింతామణి రైలుదారి మీది ఊళ్ళు. బాగేపల్లికి రైలు లేదు గాని బెంగుళూరు-హైదరాబాదు రహదారి ఉన్నది. చిక్కబళ్ళాపురం కొండల వైపు పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా తెలుగునాడు చేరుతుంది. మనుషులూ మాటలూ అటూ ఇటూ నడిచే చోటు ఇది.

కథ ఇలా ఊహించండి. బాగేపల్లిలో ఒక గ్రంథాలయం. లైబ్రేరియన్ నడివయస్సు ఇల్లాలు. మూల బీరువాలో తెలుగు పుస్తకాలు నలభై. వాటిలో ఒకటి మాయమవుతుంది. మూడు వారాలకు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. వెంటనే మరొకటి పోతుంది. రిజిష్టరులో సంతకం లేదు. కమిటీ పెద్దలు మండిపడి, దొంగ పేరు కావాలంటారు. ఆమె తిరిగి వచ్చిన పుస్తకం విప్పి చూస్తుంది. కొన్ని అక్షరాల క్రింద పెన్సిలుతో సన్నగా కన్నడ అక్షరాలు. అన్నిటి క్రిందా కాదు. గ, ర, ల, బ క్రింద ఏమీ లేదు. క, త, శ వచ్చినచోటనే ఉన్నది. ఆమె ఆలోచిస్తుంది. రెండు లిపులలో ఒకేలాగా ఉన్నవాటికి గుర్తు అక్కరలేదు, వేరుగా ఉన్నవాటికే కావాలి. కాబట్టి తీసుకొన్నది కన్నడం బాగా చదివిన మనిషి, తెలుగు అక్షరం ఇప్పుడే కూడబలుక్కొంటున్న మనిషి. మొదటి పుస్తకం నిండా గుర్తులు, మూడవదానిలో అక్కడక్కడ, ఐదవదానిలో ఒక్కటీ లేదు. సాయంత్రం బడి విడిచే వేళకే పుస్తకం చోటు మారుతున్నది. అప్పుడామెకు తెలుస్తుంది. చూపు పోయిన తాతకు చదివి వినిపించడానికి ఒక ఆడపిల్ల తీసుకొని వెళుతున్నది. తెలుగు చదివితే బడి చదువు చెడుతుందని తండ్రి కోప్పడతాడు గనుక చాటుగా తీసుకొంటున్నది.

కమిటీ ముందు ఆమె ఏమి చెప్పాలి? పేరు చెబితే కేసు ముగుస్తుంది, చదువు ముగుస్తుంది. ఆమె రిజిష్టరు తెరిచి, "లెక్కకు నలభై పుస్తకాలూ ఉన్నాయండీ, ఒక్క పేజీ పోలేదు" అంటుంది. పేరు మాత్రం చెప్పదు. మరునాడు బీరువా తలుపు లోపలి వైపున రెండు లిపుల అక్షరాల పట్టిక అంటిస్తుంది. అంతే కథ. ప్రతి పుస్తకానికీ పాఠకుడు దొరకడమంటే ఇదే.

ఇది కట్టుకథ. కాని ఈ సభలోని పిల్లలను అడగండి. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. తెలుగు కాగితం చేతికిస్తే ఇంగ్లీషో కన్నడమో వెతుక్కొంటారు. కన్నడం మనకు అన్నం పెట్టే భాష. కైవారం తాతయ్య నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ రచించిన నేల ఇది. దాన్ని కాదనమని మేము చెప్పము. కాని మన ఇళ్ళలో పోతున్న సొత్తు తెలుగు చదువు. అద్దాల బీరువాకు తాళం వేసి, పిల్లలకు పండగ నాడు పద్యం మాత్రం బట్టీ వేయించే మనమే ముందుగా అనుమానించదగినవారము.

కాబట్టి సంఘానికి మూడు మనవులు. తాళం లేని ఒక తెలుగు బీరువా పెట్టండి. అందులో శతకాలతోపాటు డిటెక్టివు నవలలు కూడా ఉంచండి. తలుపుకు రెండు లిపుల పట్టిక అంటించండి. వచ్చే ఉగాది సంచికకు మన మూడు ఊళ్ళలో ఏదో ఒకచోట నడిచే, లైబ్రేరియన్ పరిశోధించే కథకు పోటీ పెట్టండి. కథలు పిల్లలు వ్రాయాలి. దిద్దడం మాత్రమే పెద్దల వంతు. మొదటి ఏడు తప్పులు బోలెడు వస్తాయి. ఒక పుస్తకం చెప్పకుండా మాయమైనా కంగారుపడి పేరు అడగకండి. నాలుగు వారాలు ఆగి, తిరిగి వచ్చినప్పుడు లోపల పెన్సిలు గుర్తులున్నాయేమో చూడండి.